ఫోన్‌లో ఫోటో గోడ మీదికి: ఏ గోడకి ఏ ప్రింటు

ల్యాబ్‌కి వెళ్తే మొదట అడిగేది "ఏ సైజు?" అని, తర్వాత "గ్లాసీయా, మ్యాటా?" అని. ఆ రెండూ చెప్పేసి డబ్బులు కట్టి వచ్చేస్తాం. ప్రింటు ఏ మెషీన్ మీద, ఏ పద్ధతిలో వేస్తున్నారో మనం అడగం, అడగనిదే వాళ్ళూ చెప్పరు. కానీ ఒకే ఫోటోని ఒకే సైజులో నాలుగు పద్ధతుల్లో వేయిస్తే నాలుగు రకాలుగా కనిపిస్తుంది, నాలుగు రకాలుగా పాడవుతుంది కూడా. ఒకటి ఎండకి వెలిసిపోతుంది, ఒకటి చెమ్మకి అద్దానికి అతుక్కుపోతుంది, ఒకటి తుడిస్తే గీతలు పడుతుంది, ఇంకొకటి గట్టిగానే ఉంటుంది కానీ దగ్గరికెళ్ళి చూస్తే ముఖం నిండా చుక్కలు. అందుకే నేను రేటు కార్డు చూసి ప్రింటు ఎంచుకోను. ఫోటో ఎక్కడ పెడతానో ముందు ఖాయం చేసుకుని అక్కడి నుంచి వెనక్కి వస్తాను. మీరూ అదే వరసలో రండి.

1. ముందు గోడ చూసుకోండి

ఫోటో పెట్టాలనుకున్న చోట పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వెలుతురు ఎలా ఉంటుందో ఒక రోజు గమనించండి. నేరుగా ఎండ పడుతుంటే, ముఖ్యంగా పడమటి కిటికీ నుంచి సాయంత్రం ఎండ కొడుతుంటే, ఆ గోడ మీద మంచి ఫోటో పెట్టకండి. ఎండకి తట్టుకునే పద్ధతంటూ ఏదీ లేదు, కొన్ని కాస్త నెమ్మదిగా పోతాయి, అంతే తేడా. కిటికీకి అద్దం ఉందిగా అనుకోవద్దు, మామూలు అద్దం అతినీలలోహిత కిరణాల్లో కొంత భాగాన్నే ఆపుతుంది, పైగా మన కంటికి కనిపించే వెలుతురు కూడా రంగుల్ని నెమ్మదిగా తినేస్తుంది.

తర్వాత చెమ్మ. వానాకాలంలో ఊట దిగే బయటి గోడ, అవతలి వైపు బాత్రూమ్ ఉన్న గోడ, ఈ రెండూ ఫోటోలకి శత్రువులు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉండేవాళ్ళకైతే వాన లేకపోయినా గాలిలోనే తడి ఉంటుంది, కాబట్టి హైదరాబాద్‌లో ఉండే మీ చెల్లెలి ఇంట్లో బ్రహ్మాండంగా ఉన్న ప్రింటు మీ ఇంట్లో కూడా అలాగే ఉంటుందని లెక్క వేసుకోకండి.

మూడోది, ఆ ఫోటోని ఎవరు ముట్టుకుంటారు, దాని చుట్టూ ఏం జరుగుతుంది. చనిపోయిన పెద్దవాళ్ళ ఫోటో అయితే దండ వేస్తారు, అద్దం మీద బొట్టు పెడతారు, ముందు అగరుబత్తి వెలిగిస్తారు. తాజా పూలదండ నీళ్ళు ఓడుతూ ఉంటుంది, ఆ నీళ్ళు ఫ్రేమ్ పై అంచు నుంచి అద్దం వెనక్కి దిగుతాయి, కొన్నాళ్ళకి తాతగారి తలపాగా దగ్గర ఒక మరక మొదలై కిందికి పాకుతుంది. ఇలాంటి ఫోటోకి అద్దం తప్పనిసరి, అద్దానికీ ప్రింటుకీ మధ్య ఖాళీ తప్పనిసరి (దాని సంగతి ఫ్రేమ్ దగ్గర చెప్తాను). అద్దం బదులు అక్రిలిక్ (అద్దంలా కనిపించే ప్లాస్టిక్ షీటు) మాత్రం వద్దు. కుంకుమ తుడిచి తుడిచి దాని మీద సన్నటి గీతలు పడతాయి, అద్దాలు తుడిచే అమ్మోనియా కలిసిన స్ప్రే కొడితే మెల్లగా మసకబారుతుంది.

2. ఎంత దూరం నుంచి చూస్తారు, ఫైలులో ఎంత ఉంది

అంగుళానికి 300 పిక్సెల్స్ ఉండాలి అనే మాట అందరూ చెప్తారు. అది చేతిలో పట్టుకుని చూసే ఫోటోకి. దూరం పెరిగే కొద్దీ కంటికి అంత వివరం అందదు. 300ని మీరు నిలబడే దూరంతో, అంటే అడుగుల్లో, భాగించండి: మూడు అడుగుల దూరానికి సుమారు 100 చాలు, ఆరు అడుగులకి 50 కూడా సరిపోతుంది. అయితే మనవాళ్ళు గోడ మీద గ్రూప్ ఫోటో కనిపిస్తే దగ్గరికెళ్ళి "ఇదెవరు, ఇదెవరు" అని వేలు పెట్టి వెతుకుతారు కాబట్టి మనుషుల ఫోటోలకి 100 కంటే కిందికి దిగవద్దంటాను, 150 ఉంటే హాయి.

లెక్క చాలా తేలిక. ఫోన్‌లో 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే సుమారు 4000 x 3000 పిక్సెల్స్. అది 300 చొప్పున 13 x 10 అంగుళాలకి వస్తుంది, 36 అంగుళాల వెడల్పుకి పెంచితే అంగుళానికి 111 మిగులుతాయి, హాల్లో సోఫా పైన పెట్టడానికి పర్వాలేదు. కెమెరా 24 మెగాపిక్సెల్ అయితే 6000 x 4000, అంటే 20 x 13 అంగుళాలు పూర్తి వివరంతో.

అసలు తంటా వాట్సాప్‌తో. అమెరికాలో ఉన్న కూతురు మనవడి ఫోటో మామూలుగా పంపితే అది పొడవు వైపు 1600 పిక్సెల్స్ దగ్గరికి కుదించుకుపోయి మీ ఫోన్‌కి చేరుతుంది. దాన్ని 12 x 18లో వేయిస్తే అంగుళానికి 90 కూడా రావు, అదీ కుదింపులో నలిగిన పిక్సెల్స్, బుగ్గలు మైనం పూసినట్టు వస్తాయి. ఫోటోని డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా గూగుల్ డ్రైవ్ లింకు. ల్యాబ్‌వాళ్ళకి మీరు పంపేటప్పుడు కూడా అంతే, "ఈ నంబరుకి వాట్సాప్ చేయండి సార్" అంటే డాక్యుమెంట్‌గానే చేయండి, లేదా పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళండి. ఐఫోన్ ఫైళ్ళు హెచ్‌ఈఐసీ రకంలో ఉంటే కొన్ని షాపుల్లో తెరుచుకోవు, ముందే జేపెగ్‌గా మార్చుకోండి.

పాత ఫోటో పెద్దది చేయించాలంటే ఫోన్‌తో ఫోటో తీయడం మానేసి స్కాన్ చేయించండి. పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఎత్తు 45 మిల్లీమీటర్లు, 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కల చొప్పున) స్కాన్ చేస్తే సుమారు 2100 పిక్సెల్స్ వస్తాయి, 15 అంగుళాల ఎత్తుకి లెక్క ప్రకారం సరిపోతుంది, కానీ ఆ చిన్న కాగితంలో ఎంత వివరం ఉందో అంతే వస్తుంది. మిగతాది ఏఐ యాప్‌తో పూరించేస్తాం అంటారు కొన్ని షాపుల్లో. ముఖం నున్నగా, కళ్ళు మెరుస్తూ వస్తాయి నిజమే, కాకపోతే మీ నాన్నగారి బదులు ఆయన పోలికలున్న ఎవరో పెద్దమనిషి గోడెక్కుతాడు. కాస్త మసగ్గా ఉన్నా అసలు ముఖమే నయం, లేదా ప్రింటు సైజు తగ్గించుకోండి.

3. పద్ధతులు: ఏది ఎలా పనిచేస్తుంది

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే షాపులో ఉండే పేర్లు పద్ధతుల పేర్లు కావు. "కరిజ్మా", "ప్రీమియం", "మెటల్", "వెల్వెట్" అంటారు, వాటి వెనక ఉన్న మెషీన్ ఏదైనా కావచ్చు.

పాత పద్ధతి, ఇప్పటికీ నాకు ఇష్టమైనది, కెమికల్ ప్రింటు. కాగితం మీద జెలటిన్ పొరలో వెండి లవణాలు ఉంటాయి, మెషీన్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్లతో మీ డిజిటల్ ఫైలుని దాని మీద రాస్తుంది, తర్వాత కాగితం డెవలపర్, బ్లీచ్-ఫిక్స్, నీళ్ళు దాటుకుని బయటికొస్తుంది. చివరికి వెండి మొత్తం కడిగేసి పోతుంది, రంగులు మాత్రమే మిగులుతాయి. ఫ్యుజీ ఫ్రాంటియర్, నోరిత్సు అనే మెషీన్లు ఈ రకానివే (అవే పేర్లతో ఇంక్ మెషీన్లు కూడా ఉన్నాయి, జాగ్రత్త). దీంట్లో చుక్కలుండవు, భూతద్దం పెట్టి చూసినా రంగు రంగులోకి కరిగిపోయినట్టే ఉంటుంది, అందుకే చర్మం రంగు, నీడల దగ్గర మార్పు మెత్తగా వస్తాయి. 4 x 6 ప్రింట్లు వందల్లో కావాలంటే సాధారణంగా ఇదే చవక. లోపాలు రెండు. ఒకటి, ఆ జెలటిన్ చెమ్మకి మెత్తబడి అద్దానికి అంటుకుంటుంది. రెండోది, కెమికల్స్ తాజాగా ఉండాలంటే మెషీన్‌కి రోజూ పని ఉండాలి, రోజుకి నాలుగు ప్రింట్లు వేసే షాపులో రంగులు పచ్చగానో గులాబీగానో పక్కకి జరుగుతాయి. ఊళ్ళో పెళ్ళి ఫోటోగ్రాఫర్లంతా ఎక్కడ ఇస్తారో కనుక్కుని అక్కడే ఇవ్వండి.

ఇంక్‌జెట్ అనగానే చాలామంది ఆఫీసు ప్రింటర్ గుర్తొచ్చి మూతి విరుస్తారు, కానీ ఈ రోజు ఎక్కువ కాలం నిలిచే రంగు ప్రింటు కావాలంటే ఇంక్‌జెట్‌కే వెళ్ళాలి. మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఇంక్ డై ఆ, పిగ్మెంట్ ఆ?" డై అంటే ద్రవంలో పూర్తిగా కరిగిన రంగు, పిగ్మెంట్ అంటే సన్నటి రంగు రేణువులు ద్రవంలో తేలుతూ ఉండటం. డై రంగులు కళకళలాడతాయి, కానీ వెలుతురుకీ, గాలిలోని ఓజోన్‌కీ త్వరగా లొంగిపోతాయి. 2000లో ఎప్సన్ వాళ్ళ స్టైలస్ ఫోటో 870 ప్రింటర్‌తో వేసిన ఫోటోలు కొందరి ఇళ్ళలో గాలి తగిలి నారింజ రంగులోకి తిరిగిపోయి పెద్ద గొడవే అయింది. అప్పటికీ ఇప్పటికీ ఇంకులు చాలా మెరుగయ్యాయి, అయినా డై ప్రింటుని అద్దం లేకుండా గోడకి పెట్టకండి. ఇళ్ళలో, పాస్‌పోర్ట్ ఫోటో షాపుల్లో కనిపించే ఎప్సన్ ఎల్805, ఎల్8050 లాంటి ఆరు రంగుల ట్యాంక్ ప్రింటర్లు డై రకమే. డ్రై ల్యాబ్ అని పెట్టే, కెమికల్స్ లేకుండా ఇంక్‌తో ప్రింటు వేసే మెషీన్లలో కూడా ఎక్కువ శాతం అంతే.

పిగ్మెంట్ ప్రింటుని ఫైన్ ఆర్ట్ ప్రింట్, ఆర్కైవల్ ప్రింట్, జిక్లే అని రకరకాల పేర్లతో అమ్ముతారు. హానెమ్యూలే ఫోటో ర్యాగ్ లాంటి 308 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 308 గ్రాముల బరువు) కాటన్ కాగితం మీద నలుపు తెలుపు ఫోటో వేయిస్తే అది చేతిలోకి తీసుకున్నప్పుడు వచ్చే ఆనందం వేరు. ఖరీదు ఎక్కువే, దాచిపెట్టను. మ్యాట్ కాటన్ కాగితం మీద ముదురు రంగులు కాస్త తగ్గుతాయి, నలుపు గ్లాసీ మీద ఉన్నంత గాఢంగా ఉండదు, పైపొర సున్నితం కాబట్టి గోరు తగిలినా మచ్చ పడుతుంది. నూరేళ్ళు ఉంటుందని బ్రోషర్లలో రాస్తారు కదా, ఆ అంచనాలు ఎక్కువగా విల్హెల్మ్ ఇమేజింగ్ రీసెర్చ్ లాంటి సంస్థల పరీక్షల నుంచి వస్తాయి. అందులో లెక్క రోజుకి 12 గంటలు 450 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) వెలుతురు, 24 డిగ్రీల వేడి, 60 శాతం తేమ. మే నెలలో విజయవాడలో ఏసీ లేని హాలుకి ఆ లెక్క వర్తించదు. రెండు ప్రింట్లలో ఏది ముందు పోతుందో పోల్చుకోవడానికి మాత్రం ఆ అంకెలు పనికొస్తాయి.

డై సబ్లిమేషన్ చిన్న ఫోటోలకి. రిబ్బన్ మీద పసుపు, గులాబీ, నీలం వరసగా ఉంటాయి, వేడి చేస్తే రంగు ఆవిరై కాగితంలోకి దిగుతుంది, చివర్లో పైన పారదర్శకమైన పొర ఒకటి పడుతుంది. ఆ పొర వల్ల నీళ్ళు పడినా, వేలిముద్రలు పడినా తుడిస్తే పోతాయి. ఫంక్షన్ హాల్లో ఫోటో తీసి అక్కడికక్కడే ఇచ్చే బూత్‌లు, ఇంట్లో పెట్టుకునే కేనన్ సెల్ఫీ ప్రింటర్ ఈ రకమే. ఫ్రిజ్ మీదకి, పర్సులోకి, బంధువులకి పంచడానికి దీన్ని మించింది లేదు, పెద్ద సైజులకి పనికిరాదు. ఒక చిన్న హెచ్చరిక: వాడేసిన రిబ్బన్ మీద మీ ఫోటో నెగెటివ్‌లా మిగిలే ఉంటుంది. బయటివాళ్ళు చూడకూడని ఫోటోలైతే ఆ రిబ్బన్ ముక్కలు చేసి పారేయండి.

ప్రెస్ ప్రింటింగ్, అంటే హెచ్‌పీ ఇండిగో, జెరాక్స్, కొనికా మినోల్టా లాంటి డిజిటల్ ప్రెస్‌లు, పుస్తకాలకీ ఆల్బమ్‌లకీ. ఇప్పుడు పెళ్ళి ఆల్బమ్ అడిగితే "ఎన్‌టీ షీట్ సార్, చింపినా చిరగదు" అని లాగి చూపిస్తారు, అది సింథటిక్ షీట్ మీద ప్రెస్‌లో వేసినది. చిరగదు నిజమే, వంద మంది బంధువులు తడి చేతులతో తిప్పే ఆల్బమ్‌కి అది మంచి గుణమే. కానీ దగ్గరగా చూస్తే చుక్కలు కనిపిస్తాయి, ముఖాల మీద నీడలు కెమికల్ ప్రింటులో ఉన్నంత మెత్తగా రావు. ముఖ్యమైన 30, 40 ఫోటోలు కెమికల్ పేపర్ మీద, మిగతా వేడుకంతా ఎన్‌టీ మీద, ఇలా రెండు ఆల్బమ్‌లు చేయించుకుంటే రెండు పనులూ అవుతాయి, ఫోటోగ్రాఫర్‌తో ముందే మాట్లాడుకోండి.

వినైల్ (పల్చటి ప్లాస్టిక్ షీటు), ఎకో సాల్వెంట్ (ద్రావకం కలిసిన ఇంక్) అనేవి ఫ్లెక్సీ షాపుల వైపు నుంచి వచ్చిన పద్ధతులు. వినైల్ మీద వేసి, పైన మ్యాట్ ల్యామినేషన్ చేసి, 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డుకి (తేలికైన ఫోమ్ బోర్డు) అతికిస్తే తక్కువ ఖర్చులో నాలుగడుగుల ఫోటో వచ్చేస్తుంది. అన్నప్రాసనకీ, ఓణీల ఫంక్షన్‌కీ గుమ్మం దగ్గర పెట్టే బోర్డుకి ఇది చాలు, ఇంతకంటే ఖర్చు పెట్టడం దండగ. హాల్లో శాశ్వతంగా పెట్టుకునేదిగా మాత్రం నేను చూడను. తొందరపెట్టి చేయిస్తే ఇంక్‌లో సాల్వెంట్ ఆరకముందే ల్యామినేషన్ వేసేస్తారు, తర్వాత బుడగలు లేస్తాయి, అంచులు విడతాయి. ప్రింటు వేశాక ఒక రోజు ఆరనివ్వమని చెప్పండి.

కాన్వాస్ కూడా చాలా చోట్ల ఇదే మెషీన్ మీద వేస్తారు, పిగ్మెంట్ మీద వేసేవాళ్ళు తక్కువ, కాబట్టి అడగండి. కాన్వాస్ నేత మసకదనాన్ని దాచేస్తుంది, కాబట్టి ఫైలు కాస్త తక్కువ నాణ్యతలో ఉన్నా సరిపెట్టుకుంటుంది, మెరుపు ఉండదు కాబట్టి కిటికీ ఎదురు గోడకి బాగుంటుంది. చెక్క చట్రం మీద లాగి కట్టేటప్పుడు నాలుగు వైపులా ఒకటిన్నర, రెండు అంగుళాలు పక్కకి మడతపడిపోతుందని మర్చిపోకండి, చివర నిలబడ్డ బాబాయి సగం మడతలోకి వెళ్ళిపోతాడు. వంటింటి పొగ, నూనె తగిలే చోట కాన్వాస్ పెట్టవద్దు, ఆ నేతలో పట్టిన జిడ్డు వదలదు.

అక్రిలిక్, మెటల్ ప్రింట్లు చూడగానే కొనేయాలనిపిస్తాయి, షోరూమ్ లైట్ల కింద మరీ. అక్రిలిక్‌లో రెండు రకాలు: మంచి ఫోటో ప్రింటుని పారదర్శకమైన జిగురు షీటుతో అక్రిలిక్ వెనక అతికించడం ఒకటి, యూవీ ప్రింటర్‌తో (అతినీలలోహిత వెలుతురుతో ఇంక్‌ని అప్పటికప్పుడు ఆరబెట్టే మెషీన్) నేరుగా అక్రిలిక్ వెనక రంగు వేసి పైన తెల్ల ఇంక్ కొట్టడం ఇంకోటి. మొదటిది వివరంలో మేలు, రెండోది చవక. మెటల్‌లో కూడా అంతే, పూత ఉన్న అల్యూమినియం షీటులోకి సుమారు 200 డిగ్రీల వేడితో రంగుని దింపేది అసలైన రకం, దాన్ని తడిగుడ్డతో తుడవచ్చు, చెమ్మకి చలించదు. షీటు పైన యూవీ ఇంక్ వేసి మెటల్ ప్రింటు అని అమ్మేది వేరు, గోరుతో గీకితే లేచే అవకాశం ఉంది. గ్లాసీ అక్రిలిక్ ఏ రకమైనా కిటికీకి ఎదురుగా పెడితే ఫోటోకి బదులు మీ కిటికీ, దాని ముందు మీరూ కనిపిస్తారు.

వెనక ఎల్ఈడీ వెలిగే ఫ్రేమ్‌లు కూడా వచ్చాయి. షాపులకి బాగుంటాయి. ఇంట్లో రాత్రింబవళ్ళు వెలిగిస్తే ఆ వెలుతురే ఫోటోని తినేస్తుంది, దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

ఇంకా తేల్చుకోలేకపోతే నా సలహా ఇది. పెద్దవాళ్ళ ఫోటోకి పిగ్మెంట్ ప్రింటు, మౌంట్ (ఫోటో చుట్టూ పెట్టే అట్ట, ఫ్రేమ్ దగ్గర చెప్తాను), అద్దం. చిన్నపిల్లల ఫోటోలు ఏటా మారుస్తూ ఉంటారు కాబట్టి కెమికల్ ప్రింట్లు, సులువుగా తెరుచుకునే ఫ్రేమ్‌లు. చెమ్మ ఇంట్లో పెద్ద ప్రకృతి దృశ్యమైతే వేడితో రంగు దింపిన మెటల్. బంధువులకి పంచడానికి డై సబ్లిమేషన్.

4. పైపొర సంగతి

గ్లాసీ మీద రంగులు గాఢంగా ఉంటాయి, వేలిముద్రలు కూడా గాఢంగానే ఉంటాయి. ఫ్రేమ్‌లో అద్దం వెనక పెట్టేటట్టయితే లస్టర్ (గ్లాసీకీ మ్యాట్‌కీ మధ్యస్థంగా మెరిసేది) లేదా మ్యాట్ తీసుకోండి, గ్లాసీ మీద మళ్ళీ అద్దం అంటే రెండు మెరుపులు. మెటాలిక్ పేపర్ అని ముత్యంలా మెరిసే కాగితం ఒకటుంది, పట్టుచీర జరీ, నగలు, వడ్డాణం ఉన్న పెళ్ళికూతురు ఫోటోకి అద్భుతంగా ఉంటుంది, అదే కాగితం మీద పసిపిల్ల ముఖం వేయిస్తే చర్మం మీద నూనె రాసినట్టు ఉంటుంది.

5. ఫైలు సిద్ధం చేయడం

మొదట ఆకారం. ఫోన్ ఫోటో 4:3, కెమెరా ఫోటో 3:2. ల్యాబ్ కాగితాలు 4 x 6, 8 x 12, 12 x 18 అన్నీ 3:2, 8 x 10, 12 x 15, 16 x 20 అన్నీ 5:4. ఫోన్ ఫోటోని 4 x 6లో వేస్తే వెడల్పు తక్కువ ఉన్న వైపు 11 శాతం కోసేస్తారు, కెమెరా ఫోటోని 8 x 10లో వేస్తే పొడవులో ఆరో వంతు పోతుంది. ఎక్కడ కోయాలో మీరే కోసి ఇవ్వండి. మెషీన్ మధ్యలోంచి తీసుకుంటుంది, తలలు పోతాయో పాదాలు పోతాయో దానికి పట్టదు.

రంగు విషయంలో ల్యాబ్ వేరే చెప్తే తప్ప ఎస్‌ఆర్‌జీబీలోనే (తెరల మీద సాధారణంగా వాడే రంగుల ప్రమాణం) ఇవ్వండి. ఇంకా ఎక్కువ రంగులు పట్టే అడోబ్ ఆర్‌జీబీలో ఇస్తే పట్టించుకోని మెషీన్ దగ్గర రంగులు పాలిపోతాయి. "ప్రింటు కదా" అని సీఎమ్‌వైకేలోకి (ప్రెస్‌లో వాడే నాలుగు ఇంకుల పద్ధతి) మార్చి ఇచ్చేవాళ్ళున్నారు, ఫోటో ల్యాబ్‌కి అది అక్కర్లేదు, చెడగొడుతుంది కూడా.

మంగళస్నానం ఫోటోలు, పసుపు నిండా పూసుకున్నవి, ప్రింటులో తరచూ దెబ్బతింటాయి. తెర మీద మెరిసే ఆ పసుపు, కుంకుమ ఎరుపు, చిలకపచ్చ పట్టు, ఇవన్నీ కాగితం పట్టలేనంత గాఢంగా ఉంటాయి, అప్పుడు ముఖం మీద ఛాయలన్నీ కలిసిపోయి ఒకే పసుపు ముద్దలా వస్తుంది. ఎడిట్ చేసేటప్పుడు పసుపు, ఎరుపు రంగుల గాఢత కొంచెం తగ్గించండి, బుగ్గ మీద వెలుగునీడలు మళ్ళీ కనిపించేదాకా.

వెలుతురు సంగతి కూడా ఇక్కడే. ఫోన్ తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితం వెలగదు, కాబట్టి ప్రింట్లు ఎప్పుడూ అనుకున్నదానికంటే నల్లగా వచ్చాయని ఫిర్యాదు. ఫోన్ వెలుతురు సగానికి తగ్గించి, నైట్ మోడ్, వివిడ్ రంగులు ఆపేసి చూడండి, అప్పుడు చీకటిగా అనిపిస్తే ఫోటోలో వెలుతురు కొంచెం పెంచండి. ల్యాబ్‌లో "ఆటో కరెక్షన్ ఆపేసి వేయండి" అని గట్టిగా చెప్పండి. ఆ కరెక్షన్ చామనఛాయ ముఖాల్ని పనిగట్టుకుని తెల్లగా చేస్తుంది, మీరు శ్రద్ధగా ఉంచుకున్న సాయంత్రం వెలుగుని మిట్టమధ్యాహ్నం చేసేస్తుంది.

6. ముందు చిన్న ప్రింటు, తర్వాతే పెద్దది

ఖరీదైన ప్రింటు ఏదైనా సరే, ముందు 8 x 12 కాగితం ఒకటి అదే పేపర్ మీద, అదే మెషీన్‌తో వేయించండి. దాని మీద సగంలో మొత్తం ఫోటో చిన్నదిగా, మిగతా సగంలో ముఖం ఉన్న భాగం అసలు ప్రింటులో ఎంత సైజు వస్తుందో అంత సైజులో పెట్టి ఇవ్వండి. ఇంటికి తెచ్చి, పెట్టబోయే గోడకి టేపుతో అంటించి, పగలు చూడండి, రాత్రి మీ ఇంటి లైటు కింద చూడండి. షాపులో తెల్లటి ట్యూబ్‌లైట్ కింద సరిగ్గా ఉన్న రంగు మీ హాల్లో పసుపు ఎల్ఈడీ కింద వేరేగా ఉంటుంది. ఈ టెస్ట్ ప్రింట్ అడిగితే మొహం చిట్లించే షాపులో పెద్ద ప్రింటు ఇవ్వకండి.

డబ్బులిచ్చిన పద్ధతే వచ్చిందా అని చూడాలంటే భూతద్దం చాలు, ఫోన్ మ్యాక్రో కెమెరా కూడా పనికొస్తుంది. లేత రంగు ఉన్న చోట, అంటే ఆకాశం, తెల్ల చొక్కా నీడ, అక్కడ చూడండి. చుక్కలు లేకపోతే కెమికల్ లేదా డై సబ్లిమేషన్, చెల్లాచెదురుగా సన్నటి చుక్కలుంటే ఇంక్‌జెట్, వరుసగా పూల ఆకారంలో చుక్కలుంటే ప్రెస్. కెమికల్ పేపర్‌కి వెనక వైపు కంపెనీ పేరు లేతగా అచ్చయి ఉండటం మామూలు.

7. ఫ్రేమ్ దగ్గర పీనాసితనం వద్దు

పాత ఇళ్ళలో ఎన్ని ఫోటోలు అద్దానికి అతుక్కుపోయి ఉన్నాయో చూస్తూనే ఉంటాం. కారణం ఫ్రేమ్ కట్టినవాళ్ళు ఫోటోని నేరుగా అద్దానికి ఆనించి బిగించడం. చెమ్మ తగిలి జెలటిన్ మెత్తబడి, అద్దాన్ని పట్టుకుని, ఎండాక అలాగే ఉండిపోతుంది. దీనికి మందు మౌంట్ బోర్డు: ఫోటో చుట్టూ కిటికీలా కోసిన మందపాటి అట్ట. అది అందానికి పెడతారనుకుంటారు, దాని అసలు పని అద్దానికీ ఫోటోకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల గాలి వదలడం. యాసిడ్ ఫ్రీ బోర్డు అడగండి, మామూలు అట్ట కొన్నేళ్ళకి పసుపెక్కి ఆ పసుపుని ఫోటోకి కూడా అంటిస్తుంది. ఫోటోని ఫెవికాల్‌తో అతికించనివ్వద్దు, సెల్లో టేప్ కూడా వద్దు, పై అంచున మాత్రమే రెండు చోట్ల కాగితపు టేపుతో వేలాడదీయాలి, అప్పుడే వాతావరణానికి కాగితం సాగినా ముడుచుకున్నా ముడతలు పడవు.

వెనక బోర్డు చుట్టూ టేపుతో పూర్తిగా మూసేయించండి, దుమ్ముకీ పురుగుకీ దారి ఉండకూడదు. చెక్క ఫ్రేమ్ అయితే చెదల సంగతి చూసుకోండి, లేదా అల్యూమినియం తీసుకోండి. కింది రెండు మూలల వెనక చిన్న రబ్బరు బిళ్ళలు అంటిస్తే ఫ్రేమ్‌కీ గోడకీ మధ్య గాలి ఆడుతుంది, కొత్తగా సున్నం వేసిన గోడకైతే ఇది మరీ ముఖ్యం. గృహప్రవేశం హడావిడిలో గోడలు ఆరకముందే ఫోటోలు తగిలించేస్తారు. ఒక ఎండాకాలం ఆగితే నష్టం లేదు.

మీ ఇంట్లో ఇప్పటికే అతుక్కుపోయిన ఫోటో ఉంటే లాగకండి, నీళ్ళు పోయకండి, వేడి చేయకండి. ఫ్రేమ్ మాత్రం విప్పి, అద్దంతో సహా ఫోటోని ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద పెట్టి స్కాన్ చేయించండి. అతుక్కున్న చోట అద్దానికీ ఫోటోకీ మధ్య గాలి లేదు కాబట్టి స్కాన్ శుభ్రంగానే వస్తుంది, సగం అతుక్కుని సగం వదిలిన చోట మాత్రం గీతల్లా కనిపిస్తాయి, వాటిని కంప్యూటర్‌లో సరిచేయించవచ్చు. ఆ ఫైలు నుంచి కొత్త ప్రింటు వేయించండి, పాతది అద్దంతోనే పడుకోబెట్టి దాచండి.

ఇక తగిలించే ముందు ఒక పని. వెనక బోర్డు మీద, ఫోటో మీద కాదు, ఫోటోలో ఉన్నవాళ్ళ పేర్లు, ఎప్పటిది, ఎక్కడిది, ప్రింటు పద్ధతి, పేపరు పేరు, ఫైలు పేరు రాయండి. ఆ ఫైలుని ఫోన్‌లో ఒక్కచోటే ఉంచకుండా ఇంకో రెండు చోట్ల పెట్టండి. దానితోపాటు అదే ఫోటో 4 x 6 కెమికల్ ప్రింటు ఒకటి వేయించి కవర్‌లో పెట్టి, బీరువాలో పొడిగా ఉన్న అరలో ఉంచండి. గోడ మీది ఫోటో ఎప్పటికైనా వెలుస్తుంది, మళ్ళీ వేయించేటప్పుడు అసలు చీర ఏ రంగో ల్యాబ్‌వాళ్ళకి చూపించడానికి అది పనికొస్తుంది.